ఎస్‌ఐ జాయింట్ ఫ్యూజన్: ఆపరేషన్‌కు ముందు తేల్చుకోవాల్సినవి, తర్వాత పాటించాల్సినవి

నాట్లు, కలుపుతీతలతో వచ్చే నడుం నొప్పికి డెల్టాలో ముందుగా వినపడే మాట "డిస్క్ జారింది". కానీ నొప్పి మొలతాడు కట్టే చోటుకి కింద, పిర్ర పైన పడే చిన్న గుంటలో ఉందా? "ఇక్కడే" అని ఒక్క వేలితో చూపించగలరా? మంచం మీద ఒత్తిగిలినా, ఆ కాలితో మెట్టెక్కినా కలుక్కుమంటోందా? అయితే శాక్రోఇలియాక్ (ఎస్‌ఐ) జాయింటును అనుమానించాలి. వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థి కటి ఎముకతో కలిసే కీలు అది. ఆ కీలు కదలకుండా రెండు ఎముకలనూ అతికించే ఆపరేషనే ఫ్యూజన్.

డాక్టరు బల్ల మీద పడుకోబెట్టి కీలును అయిదు రకాలుగా నొక్కి, తిప్పి చూస్తారు. కనీసం మూడింటిలో మీకు రోజూ వచ్చే నొప్పే రావాలి. పొద్దున్న అరగంటకు పైగా పట్టేసి, తిరిగితే తగ్గే నొప్పయితే కీళ్లవాతం ఉందేమో చూడాలి. ఒక్క పక్కే నొప్పితో జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ కాదని తేల్చాలి. వీటికి ముందు కావాల్సింది మందులు. ఏ జబ్బూ బయటపడకపోతే ఆరు నెలలు ఫిజియోథెరపీ, నడుం బెల్టు వాడి చూడాలి.

అప్పటికీ తగ్గకపోతే మత్తు ఇంజక్షన్ పరీక్ష, అంటే కీలులోకి మొద్దుబరిచే మందు ఎక్కించి నొప్పి తగ్గుతుందేమో చూడటం. ఇది చేయకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు. సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే మిషన్‌లోనో సీటీ స్కాన్‌లోనో చూస్తూ సూది వేయాలి, చేత్తో తడిమి వేస్తే చాలాసార్లు కీలులోకే వెళ్లదు. కీలులో పట్టేది సుమారు రెండు మిల్లీలీటర్లే. ఎక్కువ ఎక్కిస్తే మందు చుట్టూ కారి, పక్క నరాలు మొద్దుబారి, పరీక్ష తప్పుగా వస్తుంది. ఆ పొద్దున్న నొప్పి బిళ్ల వేసుకోవచ్చా అని ముందే అడగండి. సూది పడ్డాక ఊరికే పడుకోకండి. పక్కన మనిషి తోడుగా, మీకు నొప్పి తెప్పించే పనులే చేసి, అరగంటకోసారి నొప్పి పదికి ఎంతో కాగితం మీద రాయండి. మొదటి రెండు మూడు గంటల్లో ఎనిమిది కాస్తా రెండుకు దిగితే నొప్పి పుట్టేది ఆ కీలులోనే అనడానికి గట్టి ఆధారం. కాలు తాత్కాలికంగా మొద్దుబారవచ్చు, బండి నడపొద్దు.

ఆపరేషన్‌లో పిర్ర పక్కన మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల కోత పెడతారు. ముందు సన్నని కడ్డీ, దాని మీదుగా డ్రిల్లు, తర్వాత కీలుకు అడ్డంగా రెండు ఎముకలనూ పట్టి ఉంచే టైటానియం ఇంప్లాంట్లు, సాధారణంగా మూడు. నరాలు బయటికొచ్చే రంధ్రాలు పక్కనే ఉంటాయి. లేవగానే కాల్లోకి కొత్తగా లాగే నొప్పి వస్తే "మామూలే" అంటే వినకండి, వెంటనే సీటీ అడగండి. ఇంప్లాంటు నరానికి తగిలితే త్వరగా సరిచేయాలి.

తర్వాత మూడు నుంచి ఆరు వారాలు వాకర్. ఆ కాలి మీద పది, పదిహేను కిలోల బరువే వేయమంటే బరువు చూసే మిషన్ మీద పాదం పెట్టి, ముల్లు అక్కడికొచ్చేదాకా నొక్కి అలవాటు చేసుకోండి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఇంటికి రాకముందే కమోడ్ కుర్చీ, ఎత్తు మంచం సిద్ధం చేయాలి. గొంతుక్కూర్చోవడం, బండి మీద ఒకపక్కకు కూర్చోవడం, రేవులో పంటు ఎక్కడం ఆపాలి. చుట్ట, బీడీ, ఖైనీ ముందునుంచే మానాలి, నికోటిన్ ఎముకను అతకనివ్వదు. పిక్క వాచినా, కోత దగ్గర చీము పట్టినా, జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఎముక అతుక్కోవడానికి నెలలు పడుతుంది. దాళ్వా (రబీ) నాట్లయ్యాక చేయించుకుంటే సార్వా (ఖరీఫ్) నాట్ల లోపు అయిదారు నెలలు దొరుకుతాయి. అప్పుడు కూడా వంగి చేసే పని డాక్టరు చూసి సరేనన్నాకే.