పై చెరువు మత్తడి దుంకినా మన చెరువు నిండకపోతే

వరంగల్, ములుగు వైపు చాలా చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు మత్తడి (చెరువు నిండాక అదనపు నీళ్లు పొర్లిపోయే చోటు) నీళ్లే కింది చెరువుకు ఆధారం. అందుకే పూడిక తీయించమని అడిగే ముందు నీళ్లొచ్చే దారి చూడాలి. పూడిక తీస్తే చోటు పెరుగుతుంది గానీ నీళ్లు రావు.

మే నెలలో, కాలువ ఎండి ఉన్నప్పుడు, పై మత్తడి నుంచి మన శిఖం (చెరువులో నీళ్లు నిలిచే భూమి) దాకా నడవండి. గ్రామ నక్ష (సర్వే నంబర్లున్న ఊరి పటం) నకలు వెంట ఉండాలి. నక్షలో కాలువ ఉన్నచోట పత్తి చేను కనబడితే ఆ సర్వే నంబరు రాసుకోండి. ప్రతి 100 మీటర్లకు కాలువ అడుగున వెడల్పు, పైన వెడల్పు, లోతు టేపుతో కొలిచి, లొకేషన్ పడేలా ఫొటో తీయండి. రోడ్డు దాటేచోట ఆగి మరీ చూడండి, నీళ్లు ఎక్కువగా తప్పిపోయేది అక్కడే. రెండు మీటర్ల కాలువకు ఒక్క సిమెంటు పైపు వేసి ఉంటుంది. ఆ పైపు అడుగు కాలువ అడుగుకన్నా ఎత్తులో ఉంటే నీళ్లు వెనక్కి తన్ని పక్క చేలల్లోకి మళ్లుతాయి.

ఎంత నీరు రావాలో కూడా లెక్క వేయండి. చదరపు కిలోమీటరు పరీవాహకం (చెరువుకు నీళ్లు పారే నేల) పై 50 మిల్లీమీటర్ల వాన అంటే 50,000 ఘనపు మీటర్లు. ఐదో వంతు పారినా 10,000. తొలకరికి ఎండిన నేల అంత కూడా వదలదు, నేల నానిన శ్రావణంలో అంతకు మించి వస్తుంది.

అర్జీలు రెండు విడిగా రాయండి. కాలువ, తూము, మత్తడి మరమ్మతులు నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)కి, ఆక్రమణలు, హద్దుల సర్వే తహసీల్దారుకు. రెండూ ఒకే కాగితంలో పెడితే ఒకరు ఇంకొకరి పని అంటారు. పై చెరువు వేరే మండలంలో ఉంటే సోమవారం ప్రజావాణిలో (కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజు) కలెక్టరుకే ఇచ్చి రసీదు తీసుకోండి. కొలతలు, సర్వే నంబర్లు, ఫొటోలు జతచేయండి. పట్టణానికి దగ్గరి చెరువైతే నిర్మాణ నిబంధనల దూరం కూడా చూడండి: 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు నుంచి 30 మీటర్లు, అంతకు చిన్నదానికి 9 మీటర్లు.

నీళ్లు నిలవాలని మత్తడి మీద ఇసుక బస్తాలు మాత్రం వేయొద్దు. మత్తడి మూసుకుపోయి కట్టమీదుగా నీళ్లు పొర్లితే మట్టి కోసుకుపోతుంది. ఒక కట్ట తెగితే ఆ వరద కింది కట్టలను వరసగా తెంపుతుంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 650 మిల్లీమీటర్లు కురిసింది. అలాంటి రోజు నీళ్లకు మత్తడి ఒక్కటే దారి. దాని ముందున్న తుమ్మకంపను జూన్‌లోపే కొట్టించండి.