మీ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో తెలుసుకుని, ఏం చేయాలో తేల్చుకోవడం ఎలా?

పళ్లు పుచ్చకుండా ఉండేందుకు కొన్నిచోట్ల తాగునీటిలో ఫ్లోరైడ్ కలుపుతారని తెలియగానే కొందరు విషం అంటారు, కొందరు పళ్లకు మంచిదంటారు. ఎంత ఉందో తెలియకుండా ఏ మాటా నమ్మకండి.

ముందు ఆ లెక్క కనుక్కోండి. కుళాయి నీళ్లయితే సరఫరా చేసేవాళ్లను అడగండి: ఫ్లోరైడ్ కలుపుతున్నారా, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు? బోరు నీళ్లయితే ల్యాబ్‌లో పరీక్ష చేయించాల్సిందే, ఎందుకంటే ఎవరూ కలపకపోయినా రాళ్లలోంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు కాబట్టి తాగి కనిపెట్టలేం.

రిపోర్టులో లీటరుకు 0.7 మిల్లీగ్రాముల దగ్గర్లో ఉంటే టెన్షన్ వద్దు. అమెరికాలో 2015 నుంచి సిఫార్సు చేస్తున్న మోతాదు అదే. కొందరు పిల్లల పళ్ల మీద సన్నటి తెల్లచారలు రావచ్చు, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 1.5. అది దాటితే మాత్రం ఊరుకోకండి. పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు పడొచ్చు, ఇంకా బాగా ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు దెబ్బతిని కీళ్లు బిగుసుకుపోతాయి. 1.5 దాటిన చోట పిల్లల ఐక్యూ తగ్గడానికీ ఫ్లోరైడ్‌కీ సంబంధం కనిపిస్తోందని 2024లో అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ (రసాయనాల విషప్రభావాన్ని పరిశీలించే ప్రభుత్వ విభాగం) చెప్పింది. అయితే 0.7 దగ్గర అలా జరుగుతుందో లేదో తేల్చడానికి సమాచారం చాలదని కూడా అదే నివేదికలో ఉంది, ఈ రెండో ముక్క వదిలేసి మొదటిది మాత్రమే షేర్ చేయడం చాలా తప్పు.

ఎక్కువుందని తేలితే నీళ్లు మరిగించకండి. ఫ్లోరైడ్ పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. మామూలు కార్బన్ ఫిల్టరూ పెద్దగా పనిచేయదు. ఆర్‌ఓ గానీ ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచే యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్ గానీ పెట్టించుకోండి, పెట్టాక మళ్లీ పరీక్ష చేయించండి.

అసలు ఫ్లోరైడే లేకపోతే? కంగారు పడకండి. 1945లో అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ నగరంలో మొదటిసారి నీళ్లలో కలిపినప్పుడు ఫ్లోరైడ్ పేస్టులు జనానికి అందుబాటులో లేవు, ఇప్పుడున్నాయి కాబట్టి నీళ్ల వల్ల అదనంగా వచ్చే లాభం అప్పటికన్నా తగ్గింది. రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోండి. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠానీ గింజంత చాలు, మింగకుండా ఉమ్మేయడం నేర్పండి.

పసిబిడ్డకు డబ్బాపాలే ఆహారమైతే, ఫ్లోరైడ్ తక్కువున్న నీళ్లతో కలపడం గురించి డాక్టర్‌ను అడగండి.