హోలోకాస్ట్ జరగలేదనే మాటకు మ్యూజియంలో జవాబు: మన పిల్లలతో ఎలా మొదలుపెట్టాలి

కడప, కర్నూలు, అనంతపురం పిల్లల్లో యూదుల్ని ఎప్పుడైనా చూసినవాళ్లు దాదాపు ఉండరు. హిట్లర్ పేరు మాత్రం అందరికీ తెలుసు. గట్టిగా ఉండే సారుకు ఆ పేరు పెడతారు, రోడ్డు పక్కన పుస్తకాలమ్మే చోట వ్యక్తిత్వ వికాసం పుస్తకాల మధ్య అతని ఆత్మకథ కనిపిస్తుంది, ఫోన్లో అతన్ని పొగిడే రీల్స్ తిరుగుతుంటాయి. వాటి వెనకాలే "అరవై లక్షల మంది చనిపోయారన్నది కట్టుకథ" అనే ఫార్వర్డ్ కూడా వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హిట్లర్ నాజీ ప్రభుత్వం ఆ అరవై లక్షల మంది యూదుల్ని చంపడాన్నే హోలోకాస్ట్ అంటారు. 2022లో యునెస్కో, ఐక్యరాజ్యసమితి కలిసి సోషల్ మీడియాను పరిశీలిస్తే, టెలిగ్రాం యాప్‌లో హోలోకాస్ట్ గురించి బహిరంగంగా పెట్టిన పోస్టుల్లో దాదాపు సగం దాన్ని కాదన్నవో వక్రీకరించినవో అని తేలింది. అందుకే మన జిల్లా మ్యూజియంలోనో, స్కూలు హాల్లోనో ఈ అబద్ధానికి జవాబిచ్చే ప్రోగ్రాం పెట్టాలనుకునేవాళ్లకు నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందుగా ఒక నిర్ణయం తీసుకోండి. "జరిగిందా, జరగలేదా" అని డిబేట్ పెట్టొద్దు, వక్తృత్వ పోటీ అసలే వద్దు. అలా పెట్టిన రోజే అబద్ధానికి నిజంతో సమానంగా కుర్చీ వేసినట్టు అవుతుంది. దాని బదులు ప్రోగ్రాం మొత్తాన్ని "మనకెలా తెలుసు?" అనే ప్రశ్న మీద కట్టండి. ఏ కాగితం, ఎవరు రాశారు, ఎందుకు రాశారు, దాన్ని బలపరిచే ఇంకో ఆధారం ఉందా? ఈ నాలుగూ అడగడం అలవాటైన పిల్లలు రేపు ఏ నరమేధం గురించి ఏ ఫార్వర్డ్ వచ్చినా ఒక్క క్షణం ఆగుతారు.

మొదటి అరగంట జర్మనీ ఊసే ఎత్తొద్దు. మన ధాత కరువుతో మొదలుపెట్టండి. 1876-78లో రాయలసీమను ఊడ్చేసిన కరువు అది. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెడితే కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ కాలంలో హూపర్ అనే సైనికాధికారి మద్రాసు ప్రెసిడెన్సీలో ఎముకల గూళ్లలా ఉన్న మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి తీసిన ఫోటోలు ఉన్నాయి. మరోపక్క ఇళ్లలో అవ్వాతాతలు చెప్పుకుంటూ వచ్చిన మాటలున్నాయి. లెక్క, ఫోటో, నోటిమాట, ఈ మూడూ ఎక్కడ కలుస్తున్నాయి, ఎక్కడ తేడాగా ఉన్నాయి అని పిల్లలనే చూడమనండి. అప్పుడు ఆధారాన్ని చదవడం వాళ్లకు సొంత ఊరి పని అవుతుంది. అయితే కరువూ హోలోకాస్టూ ఒకటే అనే అర్థం మాత్రం రానివ్వకండి. ఒక జనాన్ని పసిపిల్లలతో సహా పూర్తిగా లేకుండా చేయాలని ఒక ప్రభుత్వం పథకం వేసుకుని, రైళ్లు పెట్టి, లెక్కలు రాసుకుని చేసిన పని హోలోకాస్ట్. ఆ తేడాను గైడు స్పష్టంగా, ఒకటికి రెండుసార్లు చెప్పాలి.

ఇక అసలు ఘట్టం. దీనికి ఎక్కువ టైం ఇవ్వండి. 1943 జనవరిలో హోఫ్లె అనే ఎస్‌ఎస్ (నాజీల సాయుధ దళం) అధికారి పంపిన ఒక రహస్య టెలిగ్రాంను బ్రిటిష్ వాళ్లు రేడియోలో చాటుగా విని పట్టుకున్నారు. దాని విలువ అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు. 2000లో బ్రిటన్ ఆర్కైవ్స్‌లో అది బయటపడింది. 1942 చివరి వరకు నాలుగు క్యాంపులకు చేర్చిన యూదుల లెక్క అందులో ఉంది. క్యాంపుల పేర్లకు బదులు ఒక్కో అక్షరమే ఉంటుంది. మైదానెక్ 24,733, బెల్జెక్ 4,34,508, సోబిబోర్ 1,01,370, ట్రెబ్లింకా 71,355, మొత్తం 12,74,166. ఈ అంకెల్ని బోర్డు మీద రాసి కూడమనండి. మొత్తం సరిపోదు. క్లాసులో గుసగుసలు మొదలవుతాయి, ఎవరో ఒకరు "తప్పు లెక్క సార్, ఇది దొంగ కాగితం" అంటారు కూడా. అననివ్వండి. తర్వాత మొత్తంలోంచి మొదటి మూడూ తీసేయమనండి. 7,13,555 వస్తుంది. అంటే టెలిగ్రాంను విన్నవాళ్లో రాసుకున్నవాళ్లో ఒక 5 వదిలేశారన్నమాట. ఆ తర్వాత రెండో కాగితం చూపించండి. అదే ఏడాది కొర్‌హెర్ అనే ఎస్‌ఎస్ గణాంక అధికారి ఎస్‌ఎస్ అధిపతి హిమ్లర్ కోసం తయారుచేసిన రిపోర్టులో ఇదే 12,74,166 ఉంది. చంపినవాళ్లే రాసుకున్న రెండు కాగితాలు, వేర్వేరు చోట్ల దొరికినవి, చివరి అంకె దాకా కలిశాయి. బెల్జెక్, సోబిబోర్, ట్రెబ్లింకాల్లో జనాన్ని ఉంచడానికి ఏర్పాట్లే లేవని, రైలు దిగిన కొన్ని గంటల్లోనే దాదాపు అందరినీ గ్యాస్‌తో చంపారని అప్పుడు చెప్పండి. తొమ్మిదో తరగతి పిల్లలు తమ చేత్తో తీసివేత చేసి కనుక్కున్న నిజాన్ని ఏ రీలూ అంత తేలిగ్గా చెరపలేదని నా గట్టి నమ్మకం.

ఫోటోల దగ్గరా ఇదే పద్ధతి. 1944లో హంగరీ యూదులు ఆష్‌విట్జ్ అనే నాజీ క్యాంపులో రైలు దిగుతున్నప్పుడు ఎస్‌ఎస్ వాళ్లే తీసిన ఆల్బం ఒకటి ఉంది. యుద్ధం ముగిసే రోజుల్లో మరో క్యాంపులో ప్రాణాలతో మిగిలిన లిలీ యాకబ్ అనే అమ్మాయికి అది దొరికింది, తెరిస్తే అందులో ఆమె సొంత ఇంటివాళ్లున్నారు. అదే ఏడాది ఆగస్టులో, శవాలు కాల్చే పని బలవంతంగా చేయించిన ఖైదీలు ప్రాణాలకు తెగించి దొంగచాటుగా తీసిన నాలుగు ఫోటోలు ఉన్నాయి. ఫిల్మును టూత్‌పేస్ట్ ట్యూబులో పెట్టి బయటికి పంపారు. కెమెరా ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టి ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు అని పిల్లల్ని మాట్లాడనివ్వండి. శవాల ఫోటోలు మాత్రం పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు వద్దు, పెద్దపిల్లలకైనా గోడ నిండా పెట్టొద్దు. భయపెడితే పిల్లలు తల తిప్పుకుంటారు, పైగా చనిపోయినవాళ్లకూ ఒక మర్యాద ఉంది. "నువ్వు నాజీ, నువ్వు యూదువి" అని నాటకాలు వేయించడం కూడా వద్దు.

ఒక ప్యానెల్ తప్పకుండా "దాచడం" గురించి ఉండాలి. కాదనడం యుద్ధం తర్వాత పుట్టింది కాదు, చంపినవాళ్లే మొదలుపెట్టారు. 1942 నుంచి నాజీలు పాతిపెట్టిన శవాల్ని తవ్వి తీసి కాల్పించారు, ట్రెబ్లింకాను కూల్చి, దున్ని, పైన పొలమూ ఇల్లూ పెట్టారు. మరోవైపు పోలండ్‌లోని వార్సా గెట్టోలో, అంటే యూదుల్ని నిర్బంధించిన వాడలో, రింగెల్‌బ్లూమ్ అనే చరిత్రకారుడు, అతని బృందం తమ మీద జరుగుతున్నదంతా రాసి, రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి భూమిలో దాచారు. 1946లో కొన్ని, 1950లో కొన్ని బయటపడ్డాయి. పక్కనే ఆఫ్రికా దేశం ర్వాండా గురించి చిన్నగా చెప్పండి. 1994లో దాదాపు వంద రోజుల్లో టుట్సీ తెగవాళ్లను లక్షలాదిగా చంపారు, రేడియోలో ముందు నుంచే ద్వేషం నూరిపోశారు. ఇప్పటికీ దాన్ని కాదనేవాళ్లున్నారు.

ఇక మన దగ్గర తప్పకుండా వచ్చే ప్రశ్నలు. స్వస్తిక్ సంగతి జర్మనీ భాగం మొదలుపెట్టిన మొదటి అయిదు నిమిషాల్లోనే తేల్చండి. మన గడప మీద, లెక్కల పుస్తకం మొదటి పేజీలో ఉండేది శుభానికి గుర్తు, మనది మనకు పవిత్రమే. 1920లో నాజీ పార్టీ ఆ ఆకారాన్ని తన జెండా మీద పెట్టుకుంది, దాని కింద చచ్చిన కుటుంబాలకు అది చూస్తే వణుకు. ఈ రెండూ నిజమేనని చెప్తే పిల్లలకు అర్థమవుతుంది, దాటవేస్తే సెషన్ అంతా అక్కడే ఆగిపోతుంది.

రెండోది గాజా. కడపలో, కర్నూలులో ఏ స్కూల్లో పెట్టినా ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. "అది ఈ రోజు టాపిక్ కాదు" అని నోరు మూయించొద్దు. ఇజ్రాయెల్ ప్రభుత్వం చేసే పనుల్ని విమర్శించడం యూదు ద్వేషం కాదు. ఆ పనులకు ప్రపంచంలోని ప్రతి యూదునీ దోషిగా చూడటం, హిట్లర్ చేసింది మంచిదే అనడం యూదు ద్వేషం. ఒకరి తప్పును ఒక మతం మొత్తానికి అంటగట్టడం ఎలా ఉంటుందో మన ముస్లిం పిల్లలకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. వాళ్ల ముందు మనం నిజాయితీగా మాట్లాడితే చాలు. బెర్లిన్‌లో యూదుల్ని దాచి కాపాడిన ఈజిప్టు డాక్టర్ మహమ్మద్ హెల్మీ గురించి ఇక్కడ చెప్పండి. 2013లో ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెమ్ అనే హోలోకాస్ట్ స్మారక సంస్థ గౌరవం పొందిన మొదటి అరబ్బు ఆయన. నూర్ ఇనాయత్ ఖాన్ గురించీ చెప్పండి. మన గుత్తి కోటను గెలిచిన హైదర్ అలీ కొడుకు టిప్పు సుల్తాన్, ఆ వంశంలోని అమ్మాయి, బ్రిటన్ తరఫున రహస్య ఏజెంటుగా పనిచేసి 1944 సెప్టెంబరులో దాఖౌ క్యాంపులో నాజీల చేతిలో చనిపోయింది. ఆమెను చంపింది ఏజెంటు అని, యూదు అని కాదు. ఆ సంగతి కలిపేయకుండా చెప్పాలి.

యూదులంటే ఎక్కడో ఉండే మనుషులు అనే భావన పోవాలంటే కొచ్చిలో 1568లో కట్టిన సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) ఫోటో పెట్టండి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు మతం పాటించే తెలుగు కుటుంబాలున్నాయని చెప్పండి, పిల్లలు ఆశ్చర్యపోయి చూస్తారు.

ఏర్పాట్ల విషయానికొస్తే, నవంబరు నుంచి జనవరి లోపు పెట్టుకోండి. మార్చి వస్తే ఒంటిపూట బడులు, పరీక్షలు, ఎండ. జనవరి 27 అంతర్జాతీయ స్మారక దినం, సంక్రాంతి సెలవులు అయిపోయి స్కూళ్లు కుదురుకుని ఉంటాయి. పదో తరగతిని కదిలించొద్దు, హెడ్మాస్టర్లు ఒప్పుకోరు, తొమ్మిది, ఇంటర్ మొదటి సంవత్సరం సరిగ్గా సరిపోతాయి. ప్యానెళ్లు తెలుగుతో పాటు ఉర్దూలోనూ వేయించండి. మెరిసే ఫ్లెక్సు మీద లైటు పడితే చదవడం కష్టం, మ్యాట్ తీసుకోండి. డీటీపీ సెంటర్లో ఫాంటు మారితే ఒత్తులు ఎగిరిపోతాయి, ప్రింటుకు ముందు మీరే కూర్చుని ప్రూఫ్ చూసుకోండి. ఒక్క పేరు తప్పు పడినా "అంతా తప్పే" అనడానికి చూసేవాళ్లుంటారు.

బయటికి వెళ్లేటప్పుడు "ఎలా అనిపించింది" అనే ఫారం ఇస్తే అందరూ బాగుందనే రాస్తారు, దానివల్ల ఏమీ తెలియదు. మూడు నాలుగు వారాలు ఆగి, టీచర్ చేత ఇదే తరహా కొత్త ఫార్వర్డ్ ఒకటి క్లాసులో చదివించండి. అది ఏ దేశం గురించైనా ఫరవాలేదు. పిల్లలు నిజమా అబద్ధమా అని ఓటేస్తున్నారా, "ఇది ఎవరు రాశారు, ఇంకెక్కడుంది" అని అడుగుతున్నారా రాసుకోండి. అడగకపోతే వచ్చే ఏడాదికి టెలిగ్రాం లెక్కకు ఇంకో పావుగంట పెంచండి, ప్యానెళ్లు తగ్గించైనా సరే.