హీటర్ రాడ్డుతో బకెట్ నీళ్లు ఎంతసేపట్లో కాగుతాయి? లెక్క ఇలా వేసుకోండి

చలికాలం పొద్దున్నే బకెట్‌లో హీటర్ రాడ్డు పెట్టేసి, నీళ్లు పొగలు కక్కుతుంటే అప్పుడు గుర్తొచ్చి పరుగెత్తే ఇళ్లు చాలానే ఉన్నాయి. ఎంతసేపు పెట్టాలో ముందే తెలుసుకోవచ్చు. స్కూల్లో చదివిన జౌల్ నియమం చాలు: వేడి = కరెంటు × కరెంటు × నిరోధం × సెకన్లు.

రాడ్డు మీద 1500 వాట్లు, 230 వోల్టులు అని ఉందనుకోండి. వాట్లను వోల్టులతో భాగిస్తే కరెంటు, సుమారు 6.5 ఆంపియర్లు. 230ని ఆ 6.5తో భాగిస్తే నిరోధం, దాదాపు 35.3 ఓమ్‌లు. వీటిని పై సూత్రంలో పెడితే సెకనుకు దాదాపు 1500 జౌల్స్ వస్తాయి, అంటే వాట్ల సంఖ్యే సెకనుకు పుట్టే వేడి.

ఇక నీళ్లు. లీటరు నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే దాదాపు 4200 జౌల్స్ కావాలి. 15 లీటర్లు, 20 డిగ్రీల నుంచి 40కి: 15 × 20 × 4200 = 12,60,000 జౌల్స్. 1500తో భాగిస్తే 840 సెకన్లు, సరిగ్గా 14 నిమిషాలు. బకెట్టూ చల్లగాలీ కొంత వేడి లాగేస్తాయి కాబట్టి ఇంకో నిమిషమో రెండో కలుపుకోండి. యూనిట్ అంటే 36 లక్షల జౌల్స్, కాబట్టి ఖర్చు 0.35 యూనిట్.

లో వోల్టేజీ ఉన్న ఊళ్లలో ఈ లెక్క మారుతుంది. రాడ్డు నిరోధం దాదాపు అంతే ఉంటుంది కాబట్టి, 190 వోల్టులే వస్తుంటే కరెంటు కూడా తగ్గి 190ని 35.3తో భాగించినంతే అవుతుంది. దాన్ని పై సూత్రంలో పెడితే 190 × 190ని 35.3తో భాగించినట్టే, దాదాపు 1020 వాట్లు. వోల్టేజీ ఆరో వంతు తగ్గితే వేడి మూడో వంతు పోయింది! అవే నీళ్లకు 20 నిమిషాలు దాటుతుంది. రాడ్డు పాడైందని కొత్తది కొనేముందు ఇది చూడండి.

ప్లగ్గు కాలుతోందా? దాన్ని మాత్రం వదిలేయకండి. లూజు కాంటాక్టు దగ్గర అర ఓమ్ నిరోధం ఉన్నా 6.5 × 6.5 × 0.5, అంటే 21 వాట్లు ఆ చిన్న చోటే పుడుతుంది, చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత వేడి. ప్లాస్టిక్ కరిగేది అందుకే. 6 ఆంపియర్ల సాకెట్టుకు ఈ రాడ్డు ఎక్కువే, 16 ఆంపియర్లది వాడండి. నీళ్లు కాగాయో లేదో చెయ్యి పెట్టి చూసేముందు స్విచ్ ఆపి, ప్లగ్గు కూడా పీకేయండి.