భోగి పొగ, తెల్లవారుజాము తేమ: సంక్రాంతి ప్రయాణానికి ముందు జాగ్రత్తలు

సంక్రాంతికి కోస్తా ఊళ్లకు వెళ్లేవాళ్లలో చాలామంది అర్ధరాత్రి దాటాక హైదరాబాద్‌లో బయల్దేరతారు. ట్రాఫిక్ తప్పుతుంది, తెల్లారేసరికి ఇంట్లో ఉండవచ్చు అన్నది లెక్క. నేనూ ఏళ్ల తరబడి అలాగే వెళ్లాను. ఆ లెక్కన విజయవాడ దారిలో సూర్యాపేట, కోదాడ, నందిగామ దాటే సమయం మూడుకూ ఆరుకూ మధ్య పడుతుంది. రోజు మొత్తంలో గాలి బాగా చల్లబడి, తేమ శాతం పతాక స్థాయిలో ఉండే గంటలు అవే. భోగి నాడు ఊరూరా మంటలు వేసేదీ అప్పుడే. పొగ, తేమ కలిస్తే ఏమవుతుందో తెలిస్తే బయల్దేరే వేళ మార్చుకుంటారని ఇది రాస్తున్నాను.

వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీసి చూడండి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీటిని లాక్కుని చెమ్మగిల్లుతుంది, ఆపైన కరిగి నీరవుతుంది. గాలిలో తేలే సన్నని కణాల్లో చాలావాటికి ఇదే గుణం ఉంది. బొగ్గు మండితే వచ్చే గంధక వాయువులు, వాహనాలు వదిలే నైట్రోజన్ వాయువులు మార్పు చెంది, యూరియా వేసిన పొలాల నుంచి, పేడకుప్పల నుంచి లేచే అమ్మోనియాతో కలిసి సల్ఫేట్, నైట్రేట్ కణాలవుతాయి. అమ్మోనియం సల్ఫేట్ కణం 80 శాతం తేమ దగ్గర కరిగి బొట్టుగా మారుతుంది. 90 శాతానికి దాని వ్యాసం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మన కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఉబ్బిన కణాలు ఆ కొలతకు చేరువవుతాయి కాబట్టి వెలుగును పొడి కణాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి. బడిలో కాంతి పరిక్షేపణం అని చదువుకున్నది ఇదే. గాలిలోకి కొత్తగా చిటికెడు ధూళి చేరకపోయినా, తేమ పెరిగిన కారణంగానే దూరపు కొండ కనుమరుగవుతుంది.

తేమ 100 శాతానికి చేరితే పొగమంచు కమ్ముతుంది. ప్రతి మంచు బిందువు లోపలా ఒక కణం ఉంటుంది. పొగ ఎక్కువైతే అదే నీరు మరిన్ని చిన్న బిందువులుగా చీలి, తెర ఇంకా చిక్కబడుతుంది. కిలోమీటరు లోపు మాత్రమే కనిపిస్తే వాతావరణ శాఖ దాన్ని పొగమంచు అంటుంది, 200 మీటర్ల లోపైతే దట్టమైనది, 50 లోపైతే అతి దట్టమైనది.

ఫోనులో గాలి నాణ్యత అంకె చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. మన దేశంలో ఆ సూచీలో ధూళి కణాల లెక్క 24 గంటల సగటు. పైగా అధికారిక కేంద్రాల్లోని యంత్రాలు సాధారణంగా గాలిలోని తేమను తగ్గించాకే కణాలను కొలుస్తాయి. రోడ్డు మీద మీ కంటికి అడ్డుపడేది తడిసి ఉబ్బిన కణం.

ఒక భోగి నాడు కోదాడ దాటాక నాకు ముందు ఏమీ కనిపించక హై బీమ్ వేశాను. అద్దం ముందు తెల్లటి దుప్పటి ఆరేసినట్లయింది. వెలుగంతా బిందువులకు తగిలి నా కళ్ల మీదికే తిరిగివచ్చింది. లో బీమ్‌కు మార్చిన రెండు క్షణాలకు, వెనక దీపం లేని గడ్డి ట్రాక్టరు పది అడుగుల దూరంలో కనిపించింది. అప్పటికి మెల్లగా వెళ్తున్నాను కాబట్టి బతికాను.

అందుకే లో బీమ్, ఉంటే ఫాగ్ లైట్లు, అంతే. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 22 మీటర్లు పోతారు. చూసి, తేరుకుని, బ్రేకు నొక్కేలోపు రెండు సెకన్లు పడితే 44 మీటర్లు అయిపోతాయి. 50 మీటర్లే కనిపిస్తున్నప్పుడు వేగం గంటకు 40 కిలోమీటర్లు కూడా దాటనివ్వకండి, తడి రోడ్డయితే ఇంకా తగ్గించండి. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేయవద్దు, మీరు ఆగారో మలుపు తిరుగుతున్నారో వెనకవాళ్లకు తెలియదు. అద్దం లోపలి వైపు మసకబారితే ఏసీ వేసి గాలిని అద్దం మీదికి తిప్పండి. బయటి వైపైతే వైపరు చాలు. అసలు కనిపించకపోతే రోడ్డు అంచున ఆపకండి, మెల్లగా పెట్రోలు బంకులోకో ధాబాలోకో వెళ్లి ఎండ వచ్చేదాకా కూర్చోండి. వీలుంటే మొదటే ఆరు దాటాక బయల్దేరండి. ఎండ ఎక్కేకొద్దీ తేమ శాతం పడిపోతుంది, కణాలు ఎండి చిక్కిపోతాయి.

ఉబ్బసం ఉన్నవాళ్లు, పెద్దవాళ్లు ఆ మూడు రోజులూ వేకువ నడక మానేసి ఎండ వచ్చాక వెళ్లడం మేలు. ఇన్‌హేలర్ సంచిలో కాదు, జేబులో ఉండాలి. మంచులో తడిసిన మాస్కుతో ఊపిరి కష్టమవుతుంది, మరొకటి దగ్గర ఉంచుకోండి.

ఊళ్లో ఉన్నవాళ్లకు ఒక విన్నపం. భోగి మంట రోడ్డుకు దూరంగా, ఎండిన కట్టెలతో, పిడకలతో వేయండి. పచ్చి కట్టెలు పొగ ఎక్కువగా వదులుతాయి. టైర్లు, ప్లాస్టిక్ అసలే వద్దు. ట్రాక్టరు ఉంటే ట్రక్కు వెనక రేడియం స్టిక్కర్లు అంటించండి, ఇప్పటికే ఉంటే వాటి మీది బురదను ఈ రాత్రే తడిగుడ్డతో తుడవండి. గడ్డి అంచులు వాటి మీదికి వేలాడకుండా కోసేయండి.