జర్మన్‌టౌన్, గెయితర్స్‌బర్గ్ వైపు కొత్తగా వచ్చినవాళ్ళకి: బస్సు సంగతి సరే, ముందు రోడ్డు దాటడం నేర్చుకోండి

మొన్న గెయితర్స్‌బర్గ్‌లో మన తెలుగు కుర్రాడొకడు అవతలి వైపు ఆగిన 55 నంబర్ బస్సు కోసం ఫ్రెడరిక్ అవెన్యూకి అడ్డంగా పరిగెత్తాడు. వీపు మీద లాప్‌టాప్ బ్యాగు, చెవుల్లో పాటలు, చూపు కుడివైపు. కార్లు వచ్చింది ఎడమవైపు నుంచి. హారన్లు మోగాయి, అంతటితో పోయింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక్కడ, అంటే అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని మాంట్‌గోమరీ కౌంటీలో, రైడ్ ఆన్ అనే సిటీ బస్సుల్ని 1975 నుంచి కౌంటీయే నడుపుతోంది. మన ఆర్టీసీని రాష్ట్రం కాకుండా జిల్లాయే నడిపితే ఎలా ఉంటుందో అలా అనుకోండి. 2025 జూన్ 29 నుంచి వీటిలో టికెట్టే లేదు. కొన్ని స్టాపుల్లో వీటితోపాటే ఆగే, వాషింగ్టన్ మెట్రో సంస్థ నడిపే మెట్రోబస్సుకీ, షేడీ గ్రోవ్ స్టేషన్ నుంచి వాషింగ్టన్ వెళ్ళే రెడ్ లైన్ మెట్రో రైలుకీ మాత్రం డబ్బు కట్టాలి. రూట్లు, టైములు ఫోన్‌లో చూసుకోగలరు. ఆదివారం టైములు వేరు, కొన్ని రూట్లు అసలే ఉండవు. నా మొదటి చలికాలపు ఆదివారాలు చాలావరకు స్టాపుల్లో వణకడంతోనే గడిచాయి.

ఇక అసలు విషయం. ఇక్కడ రోడ్డు అంచున నిలబడితే ముందుగా మీ మీదికొచ్చే కారు ఎడమవైపు నుంచి వస్తుంది. మాకు తెలుసులే అంటారు. తెలిసింది తలకి, మెడకి కాదు. పుట్టినప్పటి నుంచీ అది ముందు కుడివైపే తిరిగింది. పైగా మన ఊళ్ళో చెయ్యి అడ్డం పెట్టి నడుస్తూ పోతే బండ్లే తప్పుకుంటాయి. ఇక్కడి డ్రైవరు సిగ్నల్‌ని నమ్ముకుని వస్తాడు, నడిరోడ్డు మీద మనిషి ఉంటాడని అనుకోడు.

స్తంభానికున్న బటన్ నొక్కండి. కొన్నిచోట్ల నొక్కకపోతే నడిచే మనిషి బొమ్మ వెలగనే వెలగదు, మీరు అలా నిలబడే ఉంటారు. తెల్ల బొమ్మ వచ్చాకే అడుగు వేయండి. ఎర్ర చెయ్యి మిణుకుమంటూ అంకెలు తగ్గుతుంటే ఇంకా టైముంది కదా అని దిగకండి, ఆ అంకెలు అప్పటికే మధ్యలో ఉన్నవాళ్ళ కోసం. తెల్ల బొమ్మ వచ్చినా ధీమా వద్దు. అక్కడ వద్దని బోర్డు లేకపోతే, రెడ్ లైట్ దగ్గర ఆగిన కారు కుడివైపు తిరగొచ్చు. ఆ డ్రైవరు తన ఎడమనుంచి వచ్చే కార్లనే చూస్తుంటాడు, కుడి పక్కనున్న మిమ్మల్ని కాదు. మిమ్మల్ని చూశాడని తేలాకే కదలండి.

పసుపు స్కూలు బస్సు ఆగి ఎర్ర లైట్లు వేస్తే కార్లు ఆగుతాయి. రైడ్ ఆన్‌కి ఆ మర్యాద లేదు. దిగగానే బస్సు ముందు నుంచి దాటకండి, దాన్ని వెళ్ళనిచ్చి సిగ్నల్ దాకా నడవండి. నవంబర్‌లో గడియారాలు వెనక్కి తిప్పాక సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. మనవాళ్ళందరికీ నల్ల జాకెట్టే ఎందుకు నచ్చుతుందో నాకు అర్థం కాదు! బ్యాగుకి మెరిసే పట్టీ ఒకటి తగిలించండి. అమ్మానాన్నల్ని పిలిపించుకున్నవాళ్ళు మొదటి వారం వాళ్ళతోపాటు నడిచి చూపించండి, ఫోన్‌లో చెప్తే సరిపోదు.

బస్సు పోతే పోనివ్వండి. మామూలుగా అయితే ఇంకో అరగంట. ఇంటర్వ్యూ ఉంటే ఒక బస్సు ముందుగా బయల్దేరాలి, ఇది కూడా నేనే చెప్పాలా?

సరే, మరీ టెన్షన్ పడకండి. నాలుగు వారాల్లో మెడకి అలవాటవుతుంది. డ్రైవర్లు మంచివాళ్ళే. దిగే చోటు తెలియదని ఎక్కేటప్పుడే చెప్తే గుర్తుపెట్టుకుని పిలుస్తారు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు అడిగితే బస్సు గుమ్మాన్ని కిందికి దించుతారు. కారు కొనేదాకా ఉద్యోగానికీ సరుకులకీ నేను వీటిలోనే తిరిగాను. కొన్నాక కూడా జర్మన్‌టౌన్ నుంచి షేడీ గ్రోవ్‌కి 100 నంబర్ బస్సే. హైవే మీదుగా తీసుకెళ్ళి స్టేషన్ దగ్గర దింపుతుంటే, అక్కడ పార్కింగ్‌కి డబ్బు ఎవరు కడతారండీ?