లండన్ ఐ ఎక్కినప్పుడు ఫొటోలో మన మొహమే పడకుండా

లండన్ ఐ అంటే లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున నెమ్మదిగా తిరిగే పెద్ద జెయింట్ వీల్. మనం నిలబడే గాజు గది, అంటే క్యాప్సూల్, చుట్టూ అద్దమే. అందుకే చాలామంది ఫొటోల్లో బిగ్ బెన్ గడియార గోపురం మీద తెల్ల చొక్కా నీడ తేలుతుంది. ముదురు రంగు బట్టలు వేసుకోండి, ఫ్లాష్ ఆపేయండి, ఫోన్ లెన్స్‌ని అద్దానికి పూర్తిగా ఆనించండి. వేలెడు సందు ఉన్నా వెనక వెలుతురు అందులోంచి దూరుతుంది. ఆనించే ముందు వేలిముద్రలు పడ్డ చోటు మెత్తటి గుడ్డతో తుడవాలి.

టైమ్ ముఖ్యం. పార్లమెంటు భవనం నదికి అవతల, నైరుతి వైపు ఉంటుంది. ఉదయం ఎక్కితే ఎండ మీ వెనక నుంచి దాని మీద పడి రాళ్ల బంగారు రంగు బాగా వస్తుంది. మధ్యాహ్నం దాటితే సూర్యుడు ఎదురొచ్చి భవనం నల్లగా పడుతుంది. చలికాలంలో అయితే అస్తమయం సుమారుగా అటే, సాయంత్రం 4 గంటలకల్లా. నీడబొమ్మ కావాలనుకునేవాళ్లకి అది వరమే.

ఒక చుట్టు సుమారు 30 నిమిషాలు. చక్రం ఎత్తు 135 మీటర్లు. పక్క క్యాప్సూళ్లు, ఇనుప చట్రం అడ్డు రాకుండా నాలుగు దిక్కులూ కనిపించేది పైకొసకి అటూ ఇటూ కలిపి 5 నిమిషాలే. వీడియోలూ సెల్ఫీలూ ఎక్కేటప్పుడే కానిచ్చేయండి. క్యాప్సూల్‌లో 25 మంది దాకా ఉంటారు కాబట్టి పదో నిమిషానికే నది వైపు అద్దం దగ్గర చోటు చూసుకోవాలి.

రాత్రి ఫోన్ నైట్ మోడ్ 3 సెకన్లు పట్టనివ్వకండి, 1 సెకనుకి తగ్గించండి. చక్రం సెకనుకి 26 సెంటీమీటర్లు కదులుతూనే ఉంటుంది, దగ్గరి దీపాలు గీతలవుతాయి.